మెరీనాని ఖాళీగా చూసి కాదు, లోడుతో చూసి మోడిఫై చెయ్యి

తమ్ముడూ, ముందు నువ్వు అడిగింది ఒకసారి చెప్పుకుందాం, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో నీకూ తెలుస్తుంది. నాన్నగారి 2006 టాటా ఇండిగో మెరీనా, అంటే ఇండిగో సెడాన్‌కి స్టేషన్ వ్యాగన్ రూపం, డిక్కీ విడిగా లేకుండా వెనక దాకా ఒకటే గది. పాత టర్బో డీజిల్, తర్వాత వచ్చిన డైకార్ ఇంజిను కాదు. 1,40,000 తిరిగింది. నాన్నగారికి చూపు తగ్గి నడపడం మానేశారు, నాలుగేళ్ళుగా తెనాలిలో ఇంటి పక్క రేకుల షెడ్డులో కవరు కప్పి ఉంది. అమ్మేద్దామంటే నీకు మనసు రావట్లేదు, హైదరాబాద్ తెచ్చుకుని రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి, నెలకోసారి భార్యాపిల్లలతో ఊరికి అదే బండిలో తిరగాలని ఉంది. రెండు లక్షలు పక్కన పెట్టావు. దాంతో లోయరింగ్ స్ప్రింగులు, 16 ఇంచుల అల్లాయ్ వీల్స్, ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ (పొగ అడ్డు లేకుండా పోయే సైలెన్సర్), టర్బో బూస్ట్ (ఇంజిన్లోకి టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచడం, ఎల్ఈడీ హెడ్‌లైట్లు, అద్దాలకి నల్ల ఫిల్మ్ చేయిద్దామనుకుంటున్నావు, ఏది ముందు ఏది తర్వాత అని అడిగావు.

నేను 2005 మెరీనా డీజిల్ నడుపుతున్నా, 2011లో సెకండ్ హ్యాండులో కొన్నా, అప్పట్నించి ఇంట్లో ఇదొక్కటే కారు. మీటరు 2,80,000 దాటింది. కాబట్టి నీ బండి ఎక్కడ మొరాయిస్తుందో, ఎక్కడ నిన్ను ఆశ్చర్యపెడుతుందో చాలావరకు నాకు అనుభవమే. ఒకే ఒక్క మాట ముందే చెప్తా, తర్వాత చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. స్టేషన్ వ్యాగన్ ఎందుకు తయారుచేస్తారు? వెనక సామాను వేసుకుని, మనుషుల్ని ఎక్కించుకుని దూరం పోడానికి. నువ్వు చేయించే ప్రతి మార్పునీ బండి ఖాళీగా నువ్వొక్కడివే ఉన్నప్పుడు ఎలా ఉందో కాదు, నలుగురు మనుషులు, వెనక రెండు బియ్యం బస్తాలు, ఏసీ ఆన్, మే నెల మధ్యాహ్నం, అప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకుని నిర్ణయించు. ఆ లెక్కన చూస్తే నీ లిస్టులో చాలావరకు వాటంతటవే రాలిపోతాయి, నువ్వు రాయనివి కొన్ని వచ్చి చేరతాయి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పేది కాదు. 2013లో నేనూ స్ప్రింగులు మార్పించా. బండి కిందకి దిగి, చక్రాల మీద గ్యాపు పోయి, ఎంత బాగుందో, ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద ఒక్కడినే వెళ్తుంటే పట్టాల మీద రైలులా ఉంది. ఆ సంక్రాంతికి మేం నలుగురం, బట్టల పెట్టెలు, తిరుగు ప్రయాణంలో 25 కేజీల బియ్యం బస్తాలు రెండు, కొబ్బరికాయలు, అమ్మ పెట్టిన పచ్చడి జాడీలు. నందిగామ దాటేసరికే వెనక ప్రతి గతుక్కీ దబ్ దబ్ అని కొట్టడం మొదలుపెట్టింది, స్ప్రింగు ఆడటానికి చోటు లేక చివర తగిలే రబ్బరు దిమ్మలు, బంప్ స్టాపులంటారు, వాటి మీద కూర్చునే నడుస్తోంది. కోదాడ దగ్గర వెనక ఎడమ టైరు లోపలి వైపు రాసుకుని రాసుకుని తీగలు బయటపడి పేలింది. రాత్రి తొమ్మిదింటికి హైవే పక్కన, చిన్న పిల్లలు లోపల, లారీలు పక్కనుంచి ఊపుకుంటూ పోతుంటే సామానంతా దించి స్టెప్నీ వేశా. ఇంటికొచ్చిన వారంలోనే పాత స్ప్రింగులు మళ్ళీ వేయించా. స్ప్రింగులు తయారుచేసినవాడి తప్పేం లేదు, అవి సెడాన్ కోసం, అదీ ఖాళీ సెడాన్ కోసం. కాబట్టి లోయరింగ్ వద్దు. నీకు వెనక కుంగినట్టుంటే, ఇన్నేళ్ళ పాత స్ప్రింగులు కుంగే ఉంటాయి కూడా, కొత్త ఒరిజినల్ స్ప్రింగులు, షాకబ్జర్లు జతగా వేయించు, బండి ఎత్తు దాని ఎత్తుకి వస్తుంది, అదే నీకు పెద్ద మోడిఫికేషన్‌లా అనిపిస్తుంది చూడు.

సరే, మెకానిక్ పనుల్లో మొదటిది. నాలుగేళ్ళు ఆగిన బండికి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టేయకు. చాలామంది చేసే తప్పు ఇదే, స్టార్ట్ అయితే చాలు అనుకుంటారు. ముందు బోనెట్ ఎత్తి ఎలకలు వైర్లు కొరికాయేమో చూడు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పు, అందులో గూడు పెట్టే అవకాశం చాలా ఎక్కువ. ట్యాంకులో పాత డీజిల్ మొత్తం దింపించు, అడుగున నీళ్ళు, జిగురు చేరి ఉంటాయి, అవి పంపులోకి పోతే పంపు పనే నీ బడ్జెట్‌లో మంచి ముక్క తినేస్తుంది. డీజిల్ ఫిల్టర్ కొత్తది. తర్వాత హీటర్ ప్లగ్గులు నాలుగూ విప్పించి, ఒక్కో సిలిండర్లో కొంచెం ఇంజినాయిల్ పోసి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున క్రాంక్ పుల్లీకి స్పానర్ పెట్టి చేత్తో ఇంజిను తిప్పి చూడమను. మెత్తగా రెండు చుట్లు తిరిగితే సగం గండం గడిచినట్టే. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయనివ్వకు. కొత్త ఆయిల్ పోసి, పంపు మీద స్టాప్ సోలెనాయిడ్ (ఇంజిన్‌కి డీజిల్ పోకుండా ఆపేది) వైరు పీకేసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ మీద కొద్దికొద్దిగా తిప్పి, అప్పుడు వైరు పెట్టి స్టార్ట్ చేయించు. టర్బోకి నూనె అందకముందే ఇంజిను లేస్తే దాని బేరింగులకి అంతకంటే హాని ఇంకోటి లేదు, అందుకే ఇంత జాగ్రత్త. స్టార్ట్ అయ్యాక రోటరీ పంపు దగ్గర డీజిల్ చెమ్మ కనపడుతుందేమో గమనించు, ఆగిన బండ్లకి సీళ్ళు ఎండిపోయి కారడం మామూలే, దానికి మామూలు మెకానిక్ కాదు, పంపులు మాత్రమే విప్పి టెస్ట్ బెంచి మీద పెట్టి సెట్ చేసే డీజిల్ పంపు షాపుకి పట్టికెళ్ళు.

అలా స్టార్ట్ చేసేముందే టైమింగ్ బెల్టు మార్పించేయ్. నడిచింది 1,40,000 అయినా, ఆ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. ఈ 1405 సీసీ ఇంజిన్లో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులకి తగిలి వాల్వులు వంగుతాయి, ఇంజిను పైభాగం, అదే హెడ్డు, దించాల్సిందే. ఇండికా ట్యాక్సీలు నడిపిన డ్రైవర్లని ఎవర్ని అడిగినా ఒక్క కథైనా చెప్తారు. రబ్బరు కిలోమీటర్లతోనే కాదు, ఏళ్ళతో కూడా పోతుంది. బెల్టుతో పాటు టెన్షనర్ బేరింగు, ఐడ్లర్, వాటర్ పంపు, క్రాంక్ ముందు ఆయిల్ సీలు అన్నీ ఒకేసారి, ఎందుకంటే కూలీ ఒకటే, మళ్ళీ విప్పితే మళ్ళీ కూలీ. నేను 50,000 కిలోమీటర్లు లేదా నాలుగేళ్ళు, ఏది ముందైతే అది అనే పద్ధతి పెట్టుకున్నా, ఇంతవరకూ దారిలో బెల్టు తెగలేదు.

ఇక వేడి సంగతి. ఈ బండికి అసలు శత్రువు ఇదే, నీకు బూస్ట్ పెంచాలనే ఆలోచన ఎందుకు వద్దంటున్నానో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఇది ఇండైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిను, డీజిల్ ముందు హెడ్డులో చిన్న గదిలో మండి తర్వాత సిలిండర్లోకి వస్తుంది, అందుకే చప్పుడు కొంచెం మెత్తగా ఉంటుంది, అందుకే హెడ్డుకి వేడి కూడా ఎక్కువ పడుతుంది. బూస్ట్ పెంచి, పంపు స్క్రూ తిప్పి డీజిల్ ఎక్కువ పోయిస్తే పికప్ పెరుగుతుంది, నిజమే, ఖాళీ బండిలో ఐదు నిమిషాలు బ్రహ్మాండంగా ఉంటుంది. అదే బండి నిండా లోడుతో, ఏసీ వేసుకుని, పొడవాటి ఎత్తు ఎక్కుతుంటే వేడి పోయే దారి లేక హెడ్ గ్యాస్కెట్టో, వాల్వుల మధ్య హెడ్డులో పగులో వస్తుంది. వెనక నల్ల పొగ వచ్చిందంటే అది పవర్ కాదు, మండకుండా పోతున్న డీజిల్, నీ డబ్బు. దాని బదులు రేడియేటర్ విప్పించి రాడింగ్ (లోపలి గొట్టాల్లో పేరుకున్నది పొడిచి శుభ్రం చేయడం) చేయించు, మరీ పాతదైతే కొత్తది. ఫ్యాను రెండు స్పీడుల్లోనూ తిరుగుతుందో లేదో చూడు, హోసులన్నీ మార్చు, రేడియేటర్ మూత మార్చు, అది ప్రెషర్ పట్టకపోతే నీళ్ళు తొందరగా మరుగుతాయి. బోరు నీళ్ళు పోయొద్దు, మన దగ్గర బోరు నీళ్ళలో ఉప్పు ఎంతుంటుందో గీజరు కాయిల్ చూస్తే తెలుస్తుంది, అదే ఇంజిన్లో పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం.

ఇంకొకటి, చాలా మెకానిక్ షెడ్లలో బండి హీటెక్కుతోందంటే ముందు థర్మోస్టాట్ వాల్వు (ఇంజిను వేడెక్కేదాకా నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా ఆపేది) పీకేస్తారు. నా బండి కొన్నప్పుడు అందులో అది లేనే లేదు. పీకేస్తే ఊళ్ళో చల్లగానే ఉంటుంది, కానీ ఇంజిను ఎప్పటికీ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, పొద్దున పొగ కొడుతుంది, ఆయిల్ తొందరగా పాడవుతుంది. ఉందో లేదో చూసి, లేకపోతే పెట్టించు. మెకానిక్ వద్దన్నా పెట్టించు. వీలైతే ఒక వాటర్ టెంపరేచర్ మీటరు విడిగా వేయించు, డ్యాష్‌బోర్డులో ముల్లు కదిలేసరికే ఆలస్యం అవుతుంది. బూస్ట్ గేజి కంటే వంద రెట్లు పనికొచ్చే గేజి అది.

బ్రేకుల దగ్గర పైసా మిగల్చకు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, నాలుగేళ్ళు ఆగిందంటే లోపల తుప్పు మొదలయ్యే ఉంటుంది. వెనక వీల్ సిలిండర్లు బిగుసుకుపోయి ఉంటాయి, ముందు క్యాలిపర్ పిన్నులు కూడా. మాస్టర్ సిలిండర్ కిట్టు, వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు, షూలు, ప్యాడ్లు, ఫ్లూయిడ్ మొత్తం కొత్తవి. ఇవన్నీ వేయించాక నలుగుర్ని ఎక్కించుకుని ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేకు కొట్టి చూడు, ఒక పక్కకి లాగకూడదు. మన బండ్లకి ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, అది మర్చిపోవద్దు. ఓఆర్ఆర్ మీద మిగతావాళ్ళు 120లో పోతున్నా నాకు 80, 90 చాలు, ఎడమ లేన్లో పోతా, వెనక ఎవడు హారన్ కొట్టినా పట్టించుకోను.

సస్పెన్షన్‌లో స్ప్రింగులు చెప్పేశా. ఇండిగోలో అందరూ వదిలేసేది వెనక లింకుల బుష్షులు. ఇండికాకి లేని త్రీ లింక్ ఇండిపెండెంట్ సస్పెన్షన్ వెనక పెట్టారు, అందుకే వెనక కూర్చున్నవాళ్ళకి అంత హాయిగా ఉంటుంది, కానీ ఆ లింకులన్నిటికీ బుష్షులు, అవి అరిగితే వెనక చక్రాలు లోపలికి వాలి టైర్లు లోపల అంచున తినేస్తాయి. బయటనుంచి చూస్తే టైరు కొత్తగానే కనపడుతుంది, కింద పడుకుని చూస్తే తీగలు. నా కోదాడ కథలో సగం నేరం ఈ బుష్షులది కూడా. ముందు లోయర్ ఆర్ముల బుష్షులు, బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు, స్ట్రట్ మౌంట్లు, వెనక లింకులు, ఇంజిన్ మౌంటింగులు, గేర్ లివర్ బుష్షులు, ఇవన్నీ కొత్త రబ్బరు పడితే బండి పదేళ్ళు చిన్నదైపోతుంది. అలైన్‌మెంట్ చేసేటప్పుడు వెనక చక్రాల కొలతలు కూడా చూపించమని అడుగు, చాలామంది ముందు చక్రాలే చూసి పంపించేస్తారు.

టైర్ల గురించి కొంచెం లెక్క చెప్తా, ఓపిగ్గా చదువు. ఒరిజినల్ సైజు 175/65 ఆర్14, అంటే వెడల్పు 175 మిల్లీమీటర్లు, గోడ అందులో 65 శాతం, రిమ్ము 14 ఇంచులు, టైరు మొత్తం ఎత్తు 583 మిల్లీమీటర్లు. నువ్వు చెప్పిన 16 ఇంచుల రిమ్ముకి అదే ఎత్తు రావాలంటే 195/45 వేయాలి, 582 వస్తుంది. ఎత్తు సరిపోయింది కదా అనుకోకు, టైరు గోడ 114 మిల్లీమీటర్ల నించి 88కి తగ్గిపోయింది, మన గుంతల్లో రిమ్ము వంగుతుంది. పైగా లోడ్ ఇండెక్స్ అని ఒక నంబరు టైరు మీదే ఉంటుంది. మన ఒరిజినల్ సైజుకి మామూలుగా 82 ఉంటుంది, అంటే ఒక్కో టైరు 475 కేజీలు మోస్తుంది, 80 అంటే 450 కేజీలు. గోడ సన్నగా ఉండే టైర్లలో మామూలు రకాలు 80తో కూడా వస్తాయి, నాలుగు చక్రాలకీ కలిపి వంద కేజీలు తగ్గినట్టు, సరిగ్గా మన రెండు బియ్యం బస్తాలు, ఇంకో చిన్న మనిషి. అందుకే నా మాట విని 14 ఇంచుల మంచి అల్లాయ్స్ వేసి అదే 175/65, లేదంటే 185/60 ఆర్14 వేయించు, అది 578 వస్తుంది, మీటరు తేడా ఒక్క శాతం, గోడ 111, రోడ్డు మీద పట్టు కొంచెం ఎక్కువ. చూడ్డానికి 15 కావాలనిపిస్తే 185/55 ఆర్15 దాకా పోవచ్చు, 584.5, అంతకు మించి వద్దు. ఇప్పుడున్న టైర్లు ఎంత గీత ఉన్నా పనికిరావు, గోడ మీద నాలుగంకెల నంబరు చూడు, 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. అలా చూస్తే నీ టైర్లు కనీసం ఆరేడేళ్ళవి అయ్యుంటాయి, స్టెప్నీ అయితే బండితో వచ్చిందే అయ్యుండొచ్చు. ఐదూ మార్చు. గాలి కూడా ఖాళీకి ఒకటి, లోడుకి ఒకటి, స్టిక్కరు మీద ఉన్నది చూసి ఊరెళ్ళే ముందు వెనక పెంచు.

ఎగ్జాస్ట్ వద్దు అని ఒక్క మాటతో తేల్చేస్తా, కానీ కారణం వ్యాగన్‌కి ప్రత్యేకమైంది కాబట్టి చెప్పాలి. వ్యాగన్ వెనక భాగం నిలువుగా కోసేసినట్టుంటుంది, వేగంగా పోతుంటే అక్కడ గాలి సుడి తిరిగి మళ్ళీ బండి వైపే వస్తుంది, అందుకే వెనక అద్దం అంత తొందరగా దుమ్ము పడుతుంది, అందుకే దానికి వైపర్ ఇచ్చారు. గొట్టం పొట్టిగా కోసేసినా, జాయింట్లు లీకైనా పొగ ఆ సుడిలో కలిసి వెనక డోరు రబ్బరు సందుల్లోంచి లోపలికి వస్తుంది, వెనక కూర్చున్న పిల్లలకి తలనొప్పి, వాంతులు. ఎప్పుడైనా పొడవాటి సామాను వేసి వెనక డోరు సగం తెరిచి తాడుతో కట్టి నడపాల్సొస్తే కూడా ఇదే, ముందు అద్దాలు దించి బ్లోయర్ ఫుల్లు పెట్టుకో, దూరం పోవద్దు. వెనక డోరు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు ఎండిపోయి ఉంటుంది, అది మార్పించు, పొగ, దుమ్ము, వాన, చప్పుడు నాలుగూ తగ్గుతాయి.

లైట్లు మాత్రం చేయించు, ఇక్కడ నీతో పూర్తిగా ఏకీభవిస్తా, పద్ధతి మాత్రం వేరే. పాత వైరింగులో కరెంటు అంతా స్విచ్చు మీదుగా పోయి బల్బు దగ్గరకొచ్చేసరికి వోల్టేజి పడిపోతుంది. ముందు రిలే వైరింగ్ కిట్టు (బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి కరెంటు ఇచ్చేది) వేయించి, మంచి 60/55 వాట్ల హెచ్4 బల్బులు పెట్టు, హెడ్‌లైట్ అద్దాలు పచ్చబడి ఉంటే పాలిష్ చేయించు, తేడా నువ్వే చూస్తావు. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్ఈడీ బల్బు దూరిస్తే వెలుగు చెల్లాచెదురై ఎదురొచ్చేవాడి కళ్ళలో కొడుతుంది. అందులోనూ మన బండి వెనక లోడు పడితే ముక్కు పైకి లేస్తుంది, లైట్లు ఇంకా పైకి పోతాయి. ఎన్‌హెచ్65 (మన హైదరాబాద్ విజయవాడ హైవే) మీద రాత్రిపూట ఎదురొచ్చే బస్సు డ్రైవరుకి కళ్ళు కనపడకపోతే నష్టం ఎవరికి? లైట్ల ఎత్తు కూడా లోడు వేసి గోడ మీద కొట్టి చూసి సెట్ చేయించు.

చట్టం సంగతి కూడా విను, ఇది భయపెట్టడానికి కాదు. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల వివరాలు మారేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పెట్టొచ్చు. అద్దాలు ముందు వెనక 70 శాతం, పక్కన 50 శాతం వెలుతురు లోపలికి రావాలి, 2012లో నల్ల ఫిల్ములు వేయకూడదని సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నీకు తెలిసే ఉంటుంది. ఎండకి భయపడుతున్నావు కాబట్టి తీసి పెట్టుకునే జాలీ తెరలు బండి ఆపినప్పుడు వాడు, ఏసీ కండెన్సర్ కడిగించి, గ్యాస్ సరిగ్గా ఎక్కించు. రంగు మార్చాలంటే ముందు ఆర్‌టీఏ అనుమతి, ఆర్‌సీలో ఎక్కించాలి. ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పని మార్పు ఉంటే యాక్సిడెంట్ రోజున క్లెయిము దగ్గర గొడవ.

అసలు నీకు అన్నిటికంటే ముందు కాగితాల పని ఉంది. 2006 బండికి 15 ఏళ్ళ ఆర్‌సీ 2021లోనే అయిపోయింది. నాన్నగారు రెన్యూ చేయించారో లేదో చూడు, లేకపోతే అది రోడ్డెక్కకూడదు, తెనాలి నుంచి నడుపుకుంటూ హైదరాబాద్ వచ్చే ఆలోచన పెట్టుకోకు. రికవరీ వ్యాను మీద విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళి మెకానికల్ పని అంతా అక్కడే చేయించు, ఇన్సూరెన్సు కట్టి, పొల్యూషన్ చేయించి, బండి చూపించి అక్కడి ఆర్‌టీఓలోనే రెన్యువల్ చేయించు, ఐదేళ్ళకి ఇస్తారు. 15 ఏళ్ళు దాటిన కారుకి ఫీజు 5,000, 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్ళు దాటితే 10,000 చేశారు, ఆలస్యానికి రుసుము, గ్రీన్ టాక్స్ వేరే, కాబట్టి నీ బండికి ఇంకా 20 దాటకపోతే ఆలోపే అయ్యేలా చూసుకో. తర్వాత ఏపీ 07 నంబరుతో తెలంగాణలో ఏడాదికి మించి ఉంచాలంటే ఎన్ఓసీ తెచ్చి ఇక్కడి నంబరు వేయించాలి, ఇక్కడి లైఫ్ టాక్స్ కూడా పడొచ్చు. అది ఎంత పడుతుందో ముందే ఆర్‌టీఏలో కనుక్కుని బడ్జెట్‌లో రాసుకో, తర్వాత గుండెల మీద పడకుండా.

ఆటోనగర్ అని ఊరికే అనలేదు. ఇండికా ట్యాక్సీలుగా ఎన్నేళ్ళు నడిచాయో, ఈ ఇంజిను కళ్ళు మూసుకుని విప్పే మెకానిక్కులు అక్కడ దొరుకుతారు. ఇంజిను, గేర్ బాక్సు, ముందు సగం సామాను ఇండికాకీ ఇండిగోకీ దగ్గర దగ్గర ఒకటే, దొరకనిదంటూ లేదు. దొరకనిదల్లా మెరీనా వెనక సగం. వెనక డోరు, దాని అద్దం, వెనక పక్క పొడవాటి అద్దాలు, టెయిల్ లైట్లు, పైన రూఫ్ రెయిల్సు. ఎవడైనా వెనకనుంచి గుద్దితే ఇంజిను కంటే అదే పెద్ద దెబ్బ మనకి. అందుకని స్క్రాపులో మెరీనా కనపడితే టెయిల్ లైట్లు, వెనక అద్దం కొని అటక మీద పెట్టుకో. నేను ఒక ఎడమ పక్క అద్దం కోసం ఎనిమిది నెలలు తిరిగా. 2004లో ఇది వచ్చినప్పుడు మన జనం అంబులెన్సులా ఉందన్నారు, కొనలేదు, అంతకుముందు వచ్చిన వ్యాగన్లు టాటా ఎస్టేట్, బలేనో ఆల్టురా, కోర్సా స్వింగ్, అన్నిటిదీ అదే కథ, డిక్కీ విడిగా ఉంటేనే కారు అనుకునే రోజులవి, ఎక్కువమంది పట్టాలంటే క్వాలిస్, తర్వాత ఇన్నోవా ఉండనే ఉన్నాయి. నాకు ఇప్పటికీ బాధే అది. సెడాన్ లా నడిచి, ఆటో ట్రాలీ అంత సామాను మోసే బండిని చేతిలో పెడితే వద్దన్నారు.

ఇప్పుడు నువ్వు రాయనిది, నేనైతే తప్పకుండా చేయించేది, వెనక భాగం. వెనక డోరుకి పోయే వైర్లు పైన రబ్బరు గొట్టంలో ఉంటాయి, డోరు తీసి వేసీ లోపల తెగుతాయి, నంబరు ప్లేటు లైటు, వైపర్ అప్పుడప్పుడు పనిచేసి మానేస్తుంటే కారణం అదే, మెత్తటి వైరు వేసి సోల్డరింగ్ చేయించు. డోరు ఎత్తి పట్టే గ్యాసు రాడ్లు మార్చు, నెత్తిన పడితే మామూలుగా ఉండదు. కార్పెట్టు మొత్తం లేపి తడి, తుప్పు చూడు, డోరు కింది అంచున నీళ్ళు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది. సీటు మడిచినప్పుడు చదునుగా ఉండేలా ప్లైవుడ్ పలక కోయించి పైన రబ్బరు మ్యాటు, కింద సన్న సామాను పెట్టుకునే అర. మొత్తం మా వీధి కార్పెంటరు ఒక పూటలో చేసిచ్చాడు. నేలకి నాలుగు మూలలా బోల్టులతో గట్టి కొక్కేలు, ఒక కార్గో నెట్టు.

ఆ నెట్టు దగ్గర మాత్రం బద్ధకించకు. సెడాన్లో సామానుకీ మనుషులకీ మధ్య సీటు, రేకు ఉంటాయి, వ్యాగన్లో సీటు పైన ఏమీ లేదు. 50 కిలోమీటర్ల వేగంలో దేన్నైనా గుద్ది బండి అర మీటరులో ఆగిపోతే, లెక్కేసి చూడు, కట్టని 25 కేజీల బస్తా దాదాపు 500 కేజీల బరువుతో ముందుకొస్తుంది. వెనక సీట్లో ఉండేది నీ పిల్లలు. బరువైనవి ఎప్పుడూ కింద, సీటు వీపుకి ఆనించి, సీటు ఎత్తు దాటకుండా. గ్యాసు సిలిండరు, కుక్కరు, పచ్చడి జాడీ ఏదైనా సరే కట్టాల్సిందే. వెనక సీటు బెల్టులు ఎండకి పటుత్వం పోయి ఉంటే మార్పించు, వెనకవాళ్ళూ పెట్టుకోవాలి, చిన్నపిల్లలకి చైల్డ్ సీటు. నీ అల్లాయ్ వీల్స్ డబ్బులో సగం ఇక్కడ పెట్టినా నేను సంతోషిస్తా.

డబ్బు ఎలా పంచాలంటే, నా అంచనాలో లక్షా పాతిక దాకా ఇంజిను చుట్టూ పని, బ్రేకులు, బుష్షులు, టైర్లకే పోతుంది, ఒక పాతిక కాగితాలకి, ఇంకో పాతిక ముట్టుకోకుండా మొదటి ఆరు నెలల కోసం దాచు, ఎందుకంటే ఆగిన బండి లేచాక డైనమో, సెల్ఫ్ మోటారు, క్లచ్చు, స్టీరింగ్ ర్యాకు లీకు ఒకదాని తర్వాత ఒకటి బయటపడతాయి, అప్పుడు విసుగొచ్చి అమ్మేసినవాళ్ళని చాలామందిని చూశా. మిగిలిన పాతికలో వెనక పలక, నెట్టు, రిలే కిట్టు, డోర్లలో తారు షీట్లు, నీకు నచ్చిన స్టీరియో. డోర్లలో, నేల మీద ఆ షీట్లు వేయిస్తే డీజిల్ మోత బాగా తగ్గుతుంది, రోజూ గంటన్నర ట్రాఫిక్‌లో కూర్చునేవాడికి అది పెద్ద సుఖం. మొదటి మూడు నెలలు ఆఫీసుకి మాత్రమే వెళ్ళు, ఊరి ప్రయాణం పెట్టుకోకు, ప్రతి ఆదివారం ఆయిలు, కూలెంటు చూసి ఒక నోటు పుస్తకంలో రాసుకో. నాన్నగారు పాత బిల్లులు దాచుంటారు, ఆ తరం వాళ్ళు దాస్తారు, అడిగి తెచ్చుకో, టైమింగ్ బెల్టు తేదీ అందులో దొరకొచ్చు.

ఈ శనివారం తెనాలి వెళ్తానన్నావు కదా. బ్యాటరీ తీసుకెళ్ళకు, టార్చిలైటు తీసుకెళ్ళు. బోనెట్ కింద, వెనక కార్పెట్టు కింద, నాలుగు టైర్ల మీద నంబర్లు, ఆర్‌సీ వెనక పేజీ, వీటికి ఫోటోలు తీసి పెట్టు. ఇంజిను చేత్తో తిరిగిందా లేదా అన్నది కూడా చెప్పు, తిరగకపోతే ఏం చెయ్యాలో వేరే రాస్తా.